శనివారం పూతరేకుల క్లాసు

ఆర్నెల్లుగా ఆ అబద్ధం ఎక్కడా చిరుగు పడకుండా నడుస్తోంది. దానికి రోజులు దగ్గర పడ్డాయని లిడియాకి గురువారం సాయంత్రం, చేపల పులుసులోకి చింతపండు పిసుకుతుండగా తెలిసింది.

"అమ్మాయ్, లిడియా!" వీధిగుమ్మంలోంచే కేకేసింది అత్తగారు లీలావతి. చర్చిలో స్త్రీల సమాజం మీటింగు నుంచి వచ్చిన రోజు ఆవిడ గొంతు మామూలు కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. "ఆదివారం మా సమాజం వార్షికోత్సవం. స్వీటు మన ఇంటి నుంచే. మా కోడలు పూతరేకులు స్వయంగా చుట్టి తెస్తుందని అందరి ముందూ చెప్పేసి వచ్చేను."

లిడియా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"కొట్లో కొనేద్దామండీ అత్తయ్యగారూ. అంతమందికి నేనేం చుట్టగలను?"

"కొట్లో కొంటే నా గొప్పేముంది? ప్రతి శనివారం రాజోలు నుంచి అమలాపురం దాకా వెళ్ళి నేర్చుకుంటున్నావు కదా. ఇంకెప్పుడు చుడతావు, పిల్లలు పుట్టి వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాకా?"

ఆ మాట అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. గబుక్కున నాలిక కరుచుకుని మాట తిప్పేసింది.

"శనివారం మీ క్లాసులోనే చుట్టేద్దాం. నేనూ వస్తాను. మీ టీచరుగారిని చూసినట్టూ ఉంటుంది."

"మీరెందుకండీ ఆ ఎండలో..."

"ఆయ్, వస్తానన్నానుగా." లీలావతి చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ వస్తానంటే వచ్చినట్టే. తుపాను హెచ్చరికలైనా ఒక్కోసారి తప్పుతాయి గానీ లీలావతి తప్పదు.

ఇందులో చిక్కల్లా ఒక్కటే. అమలాపురంలో పూతరేకుల క్లాసు లేదు. ఎప్పుడూ లేదు. టీచరు లేదు. ఆ క్లాసుకి వెళ్ళే ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా పూతరేకు చుట్టడం రాదు.

*

నిరుడు వానాకాలంలో, ఎనిమిదో నెలలో, లిడియా బిడ్డ కడుపులోనే చనిపోయింది. కువైట్‌లో ఉన్న భర్త జీవన్ ఉన్నపళంగా వచ్చి, సెలవు అయిపోగానే ఎర్రబడ్డ కళ్ళతో విమానం ఎక్కేశాడు. ఆ తర్వాత ఇంట్లో లీలావతి ఒక చట్టం చేసింది: ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఉయ్యాల అటకెక్కింది. పాత చీరలు చించి కుట్టిన మెత్తటి గుడ్డలు ఎటు పోయాయో తెలియదు. పలకరించడానికి వచ్చిన వాళ్ళకి గుమ్మంలోనే మజ్జిగ ఇచ్చి గుమ్మంలో నుంచే పంపేసింది. లిడియా కళ్ళలో నీళ్ళు తిరిగితే చాలు, టీవీ సౌండు పెంచేసేది. అంతా ప్రేమతోనే. ఆ ప్రేమలో ఊపిరాడక లిడియా చస్తోందన్న సంగతి ఆవిడకి తెలియదు.

ఒకసారి ధైర్యం చేసి లిడియా చెప్పి చూసింది. ఇలా బిడ్డలు పోయిన తల్లులు అమలాపురంలో వారానికోసారి కలుసుకుంటారటండీ, మాట్లాడుకుంటారటండీ, అని.

"అలాంటోళ్ళంతా ఒకచోట చేరి ఏం చేస్తారు? ఒకళ్ళ ఏడుపు ఇంకొకళ్ళకి అంటించుకోవడం తప్ప!" అంది లీలావతి. "మళ్ళీ కడుపు పండాల్సిన దానివి. ఆ గాలి నీకు సోకడానికి వీల్లేదు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు."

ఇంకెప్పుడూ అనలేదు. వెళ్ళడం మొదలుపెట్టింది.

హేమ అనే బోటనీ లెక్చరరుగారి మేడ మీద గది అది. కవలలు పుట్టి, ఇద్దరూ దక్కకపోతే, ఆ దుఃఖంతో ఏం చేయాలో తెలియక హేమ ఆ గదిలో నాలుగు చాపలు పరిచి తనలాంటి వాళ్ళని రమ్మంది. మొదట్లో ఒక్కొక్కరూ ఇంట్లో ఒక్కో అబద్ధం చెప్పి వచ్చేవారు. బ్యాంకులో పనిచేసే కామేశ్వరి పంటి డాక్టరు పేరు చెప్పేది. ఐనవిల్లి నుంచి వచ్చే తులసి జాకెట్ల పేరు చెప్పేది.

"ఇలాగైతే దొరికిపోతామండీ బాబూ," అంది తులసి ఒకరోజు. "కామేశ్వరిగారి నోట్లో ఈపాటికి ఒక్క పన్ను మిగిలి ఉండకూడదు. నేను కుట్టించిన జాకెట్లు వేసుకోవాలంటే నాకు పది చేతులుండాలి. అందరం కలిసి ఒకే అబద్ధం చెబుదాం."

ఆ ఒక్క అబద్ధమే పూతరేకుల క్లాసు. పక్కనే ఆత్రేయపురం ఉండగా కోనసీమలో ఎవరూ ఈ మాటని అనుమానించరు. ఇంటికి వెళ్ళేటప్పుడు కొట్లో నాలుగు కొని స్టీలు డబ్బాలో సర్దేసుకుంటే సాక్ష్యం కూడా ఉంటుంది.

ఆ గదిలో మొదట్లో లిడియా నోరు విప్పలేదు. విప్పమని ఎవరూ అడగలేదు కూడా. వాళ్ళు మాట్లాడుకునేవారు, టీ తాగేవారు, మధ్యలో పడీ పడీ నవ్వేవారు. 'ఇంకా ఏమీ విశేషం లేదా?' అని అడిగే చుట్టాలకి ఏం జవాబు చెప్పాలో తులసి కొత్తకొత్తవి కనిపెట్టి తెచ్చేది. "విశేషమా, ఉందండీ, మా గేదె చూడిది అన్నాను. ఆవిడ మొహం చూడాలి!"

ఒక శనివారం కామేశ్వరి తల వంచుకుని, బిడ్డ లేకపోయినా తనకి పాలు వచ్చేశాయని, జాకెట్టు తడిసిపోతుంటే బ్యాంకు బాత్రూములో తలుపేసుకుని కూర్చున్నానని చెప్పింది. లోకంలో తనొక్కదానికే అలా అయిందని, అదేదో తన ఒంటి పిచ్చి అని, అన్నాళ్ళూ లిడియా అనుకుంటోంది. "నాక్కూడా అండీ," అంది. ఆ గదిలో ఆమె మొదటి మాట అదే.

వారంలో మిగతా రోజులన్నీ ఆ ఒక్క మధ్యాహ్నాన్ని పట్టుకుని గడిపేస్తోంది. అది పోతే మళ్ళీ టీవీ సౌండే దిక్కు.

*

గురువారం రాత్రి భోజనాలు కాకముందే వాట్సాప్ గ్రూపులో గగ్గోలు లేచింది. ఆ గ్రూపు పేరు కూడా 'పూతరేకులు' అనే ఉంటుంది, ఎవరైనా ఫోను చూస్తే ఇబ్బంది లేకుండా.

"నాకు వరి మొక్క గురించి తెలుసు గానీ వరిపిండి రేకు గురించి ఏం తెలుసు?" అని హేమ వాయిస్ మెసేజి పెట్టింది.

"కంగారు పడకండి మేడమ్," అంది తులసి. "మా తమ్ముడు లోవరాజు వ్యాను ఆత్రేయపురం మీదుగానే వస్తుంది. ఒట్టి రేకులు అమ్ముతారు, కట్టలు తెమ్మంటాను. కామేశ్వరిగారు నెయ్యి, పంచదార పొడి. మీరు యూట్యూబులో చూసి నేర్చేసుకోండి. రెండు గంటల నాటకం అంతే."

"మరి మన మామూలు మీటింగు?" అని ఎవరో అడిగారు.

"ఈ వారం లేదు," అని హేమ పెట్టింది. "శనివారం ఆ గదిలో ఎవరూ ఏడవకూడదు. ఎవరూ మా బాబు, మా పాప అనకూడదు. లిడియా ఇక్కడికి రావడం ఆగిపోకుండా చూసే పూచీ మనందరిదీ."

అందరూ సరే అన్నారు. గ్రూపులో ఉన్న వాళ్ళందరికీ కబురు అందింది. లేని వాళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు.

*

శనివారం బస్సులో లీలావతి కిటికీ పక్కన కూర్చుని ప్రశ్నలు వేసింది. రేకు తీసే కుండ ఎక్కడ కొన్నారు? బియ్యం ఏ రకం నానబెడతారు? పొయ్యిలోకి కొబ్బరాకేనా? బోడసకుర్రు వంతెన దాటేసరికి లిడియా వీపంతా తడిసిపోయింది. "అన్నీ టీచరుగారే చూసుకుంటారండీ," అని ఒకే జవాబు రకరకాలుగా చెప్పుకొచ్చింది.

మేడ మెట్లెక్కి గదిలో అడుగు పెట్టగానే లిడియా నిలబడిపోయింది. హేమ కాలేజీ ల్యాబులో వేసుకునే తెల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని, ఆపరేషనుకి సిద్ధమైనదానిలా నిలబడి ఉంది. ఎదురుగా చాపల మీద రేకుల కట్టలు, నేతి గిన్నెలు, పంచదార పళ్ళాలు.

"నమస్కారమండీ. మీ గురించి లిడియా చాలా చెప్పింది," అంది హేమ.

లీలావతి ఆ కోటు వంక మెచ్చుకోలుగా చూసింది. "టీచరంటే ఇలా శుభ్రంగా ఉండాలి," అంది. తర్వాత గదంతా కలియజూసింది. "కుండ ఏదండీ?"

"పగిలిపోయిందండీ," అంది హేమ.

"పొయ్యి మీద ఉందండీ," అంది అదే క్షణంలో కామేశ్వరి.



"పొయ్యి మీదే పగిలిపోయిందండీ," అంది తులసి తాపీగా. "అందుకే ఇవాళ్టికి రేకులు కొన్నాం."

"అయ్యో," అని లీలావతి చాప మీద చతికిలబడింది. గండం గడిచింది.

హేమ క్లాసు మొదలుపెట్టింది. "ముందుగా రేకుని రెండు చేతులతో ఇలా సున్నితంగా తీసుకుని..." రేకు చేతిలోనే పుటుక్కున విరిగి ముక్కలైంది. రెండోది మడతలో విరిగింది. కామేశ్వరిది పొడి అయిపోయింది. తులసి తనదాన్ని ఎలాగో గుండ్రంగా చుట్టింది, అది చుట్టలా ఉంది. లీలావతి ఒక్కొక్కరినీ చూస్తోంది. కనుబొమలు పైకి లేస్తున్నాయి.

"తడిగుడ్డ ఏదీ?" అంది చివరికి.

"దేనికండీ?" అంది హేమ.

"దేనికా! తడిగుడ్డతో అద్ది మెత్తబరచకుండా రేకు ఎలా మడుస్తారమ్మా? మా పెద్దమ్మ ఊరు ఆత్రేయపురమే. చిన్నప్పుడు ఆవిడ చుడుతుంటే చూసినదాన్ని, నాకే తెలుసే!" లీలావతి కొంగు బిగించింది. "లే అమ్మాయ్, గుడ్డ తడిపి తే. ఆర్నెల్లూ ఏం నేర్చుకున్నావు నువ్వు?"

"ఇక్కడ నిదానంగా చెప్తారండీ," అంది తులసి.

కాసేపటికి క్లాసు లీలావతి చేతిలోకి వెళ్ళిపోయింది. అద్దు, నెయ్యి రాయి, పొడి చల్లు, ఇటు మడిచి, అటు మడిచి, చుట్టు. తెల్లకోటు లెక్చరరు ఆవిడ పక్కన బుద్ధిగా కూర్చుని మడతపెడుతోంది. ఒక్కో పూతరేకు తెల్లగా, పొందిగ్గా పళ్ళెంలో చేరుతుంటే లీలావతి మొహం వెలిగిపోతోంది. గట్టెక్కేశాం అనుకుంది లిడియా.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో. ఎండకి కమిలిన మొహం, చేతిలో చెప్పులు, రెండు చేతులూ గుండెల మీద గట్టిగా అడ్డం పెట్టుకుని ఉంది.

"బిడ్డలు పోయిన అమ్మలు కూర్చునే చోటు ఇదేనాండీ?" అంది. "మాది అంతర్వేది. నా పేరు శిరీష. ఆశా కార్యకర్త అక్క చెప్పి పంపింది. శనివారం వెళ్ళమంది."

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

హేమ లిడియా వైపు చూసింది. కామేశ్వరి నేతి గిన్నెలోకి చూసింది.

కాదు అంటే సరిపోతుంది. ఇది పూతరేకుల క్లాసమ్మా, వచ్చే వారం రా అంటే చాలు. లిడియా శనివారాలు లిడియాకి ఉంటాయి. కానీ రెండు బస్సులు మారి వచ్చిన ఈ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఇంకోసారి రాదు. మొదటిసారి ఆ మెట్లెక్కడం ఎంత కష్టమో ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

శిరీష చేతులు ఇంకొంచెం బిగించుకుంది. ఆ చేతుల కింద జాకెట్టు మీద తడి కనిపించింది లిడియాకి.

లేచి నిలబడింది.

"ఇదేనమ్మా," అంది. "లోపలికి రా."

*

లీలావతి చేతిలో సగం చుట్టిన పూతరేకు ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టింది.

"ఇది పూతరేకుల క్లాసు కాదా?"

"కాదండీ అత్తయ్యగారూ. ఎప్పుడూ కాదు."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఇక్కడికేనండీ వస్తున్నాను. మీరు వద్దన్న చోటికే."

లీలావతి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. సంచీ కోసం చూస్తోందని అందరికీ అర్థమైంది. తన వల్లే ఏదో గొడవ జరుగుతోందని శిరీషకీ అర్థమైంది. "ఆయ్, నేను మళ్ళీ వస్తానండీ," అని వెనక్కి తిరిగింది.

"నువ్వెక్కడికమ్మా?" లీలావతి గొంతు మోగింది. "అంతర్వేది నుంచి ఎండన పడి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా పోతావా? కూర్చో!" ఇంటికొచ్చిన మనిషిని అలా పంపడం ఆవిడ ఒంట్లో లేదు, ఇల్లు తనది కాకపోయినా సరే. కోడలి వైపు తిరిగి మాత్రం, "నీ సంగతి ఇంటికెళ్ళాక చెప్తాను," అంది గొంతు తగ్గించి.

కామేశ్వరి ఏమీ అనకుండా శిరీషని పక్క గదిలోకి తీసుకెళ్ళి, మడతపెట్టిన మెత్తటి తువ్వాలు ఇచ్చి, ఏం చేయాలో చెప్పి తీసుకొచ్చింది. ఆ పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది గానీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఎటు చూడాలో తెలియక అవస్థ పడుతోంది. లీలావతి కాసేపు చూసి, ఒక రేకు తీసి తడిగుడ్డ అద్ది ఆమె ముందుకి తోసింది.

"ఊరికే కూర్చోకు. ఇది చుట్టు."

చుట్టడం మొదలుపెట్టాక, చేతుల వంకే చూస్తూ, శిరీష చెప్పడం మొదలుపెట్టింది. మగపిల్లాడు. నెలలు నిండేయి. వాళ్ళాయన వేటకి వెళ్ళి ఉన్నాడు. పడవ ఒడ్డుకి వచ్చేసరికి అన్నీ అయిపోయేయి. ఎవరూ ఏమీ మాట్లాడడం లేదు, మరిచిపోమంటున్నారు. రేకు చినిగితే ఇంకో రేకు తీసుకుంది. ఎవరూ అడ్డు పడలేదు. ఎవరూ ఊరుకోమనలేదు.

చెప్పడం అయ్యాక తలెత్తి, అందరికంటే పెద్దావిడని చూసి అడిగింది. "మీకెవరు పోయేరండీ, అమ్మగారూ?"

"నాకా? నాకెవరూ..." అని లీలావతి ఆగిపోయింది.

ఆ ఖాళీలోకి లిడియా మాట వచ్చింది. "మా పాప. ఎనిమిదో నెల. నేను ఎస్తేరు అని పేరు పెట్టుకున్నాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు మత్తు దిగేసరికి తీసుకెళ్ళిపోయేరు. చూడలేదు. ఎలా ఉందో కూడా నాకు తెలీదు."

"నేను చూసేను," అంది లీలావతి.

లిడియా తల తిప్పి చూసింది.

"నేనే ఎత్తుకున్నాను. ఆసుపత్రి గుడ్డ గరుగ్గా ఉందని, నా ఈస్టరు చీర తెప్పించి చింపి, అందులో చుట్టేను. పెట్టెలో పెట్టేదాకా నా చేతుల్లోనే ఉంది." ఆవిడ నేతి చేతులు చాపి చూసుకుంది. "అడిగితే చెప్పేదాన్ని."

"అడగనిచ్చేరాండీ మీరు?"

ఆ మాట లీలావతికి చురుక్కున తగిలింది.

"చెప్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను," అంది. "నేనే తట్టుకోలేను, అదీ సంగతి. రోజూ కళ్ళ ముందు కనబడుద్ది. ఒత్తుగా జుట్టు. ఎర్రటి పెదాలు. పోలికంతా నీదే, బంగారుతల్లి. ముక్కొక్కటే..." వెక్కిళ్ళ మధ్య ఆగింది. "ముక్కొక్కటే మీ మావయ్యగారిది. అంత చిన్న పిల్లకి అంత బండముక్కు!"

లిడియాకి నవ్వు వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, తన్నుకుంటూ వచ్చింది. మావగారు, రిటైరైన హెడ్మాస్టరు ఏలీయాగారి ముక్కు, దాని మీద జారిపోయే కళ్ళజోడు, అన్నీ కళ్ళ ముందు కదిలి పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. లీలావతి కోడల్ని దగ్గరికి లాక్కుంది. నేతి చేతులు రెండూ లిడియా చీరకి అంటుకుపోయాయి. పక్కన శిరీష కూడా నవ్వుతోంది, తను నవ్వగలనని ఇప్పుడే తెలిసినట్టు, కొంచెం భయంగా.

"తప్పు మేడమ్‌ది," అంది తులసి కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరూ ఏడవకూడదని గట్టిగా చెప్పలేదు."

*

సాయంత్రం బస్సులో పూతరేకుల డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. పాసర్లపూడి దాటేదాకా లీలావతి డబ్బాల మూతలు సరిచూసుకుంటూనే ఉంది. నీ సంగతి ఇంటికెళ్ళాక అన్నది ఇంకా మిగిలే ఉంది.

"వచ్చే వారం నుంచి ఈ పూతరేకుల క్లాసు కట్టిపెట్టు," అంది లీలావతి.

లిడియా కిటికీలోంచి బయటికి చూసింది. ఏమీ కనబడలేదు.

"ఎక్కడికి వెళ్తున్నావో చెప్పే వెళ్ళు. మా సమాజంలో ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పుకుంటాను. నా కోడలికి దొంగతనంగా బస్సెక్కాల్సిన గతి పట్టలేదు." చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఆ అంతర్వేది పిల్ల రాజోల్లోనే కదా బస్సు మారేది. ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఒక్కత్తీ అయితే సగంలో వెనక్కి పోద్ది."

"ఆయ్, అలాగేనండీ," అంది లిడియా.

లీలావతి మళ్ళీ మొదలుపెట్టింది. "అయినా ఎస్తేరేంటమ్మా? మా పినత్తగారి పేరు. వీధి కుళాయి దగ్గర ఆవిడ నోటికి జడిసి కుక్కలు కూడా పక్క సందులోంచి పోయేవి. ఇంకో పేరే దొరకలేదా?"

"నాకు తెలీదుగా అండీ. మీరు ఎప్పుడూ చెప్పలేదు."

"ఎస్తేరు," అని లీలావతి ఒకసారి అనుకుని చూసుకుంది. ఇంకోసారి అంది. "సర్లే, బాగానే ఉంది."

బస్సు ఆగింది, జనం ఎక్కారు, కదిలింది. లిడియా అత్తగారి వైపు ఒరిగింది.

"చేతులు ఎలా ఉన్నాయండీ?"

లీలావతి డబ్బాలు పక్కకి పెట్టి, తన చెయ్యి చాపి, చూపుడువేలు ముందుకి పెట్టింది.

"ఇదిగో, నా ఈ వేలు ఉందా, దీన్ని తన గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎందుకంటావేమో, ఎందుకో నాకూ తెలీదు. గోళ్ళు అప్పుడే ఎంత చక్కగా వచ్చేయనుకున్నావు..."

లిడియా ఆ వేలు పట్టుకుని వింటోంది. వెనక సీట్లో ఎవరో ఫోనులో పాట పెడితే, లీలావతి వెనక్కి తిరిగి, "ఏవండీ, కొంచెం ఆ సౌండు తగ్గిస్తారా? మేం మాట్లాడుకుంటున్నాం," అంది.